140 ఏళ్ళ నాటి ఇంగ్లీషు సుత్తుల తుపాకి: బాగుచేసిన చెయ్యి మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

సోలిహల్_సతీష్:

అందరికీ నమస్కారం. తుపాకుల గురించి తెలుగులో అడిగితే ఎవరైనా పలుకుతారో లేదో తెలీదు, అయినా అడిగేస్తున్నా. నేను బర్మింగ్‌హామ్ పక్కన సోలిహల్‌లో ఉంటాను, ఉద్యోగం అందరిలాగే సాఫ్ట్‌వేర్. మూడేళ్ళుగా ఆదివారాలు క్లే షూటింగ్‌కి పోతున్నాను. మట్టి పళ్ళేలు గాల్లోకి విసిరితే కొట్టడమే, పక్షుల జోలికి పోను. షాట్‌గన్ సర్టిఫికెట్ ఉంది, గోడకి బిగించిన ఇనప బీరువా ఉంది. అది చూసి మా ఆవిడ "నా నగలు కూడా ఇందులో పెట్టుకుంటా" అంది, నీకు తాళంచెవి ఎక్కడుందో తెలియకూడదు, అది ఇక్కడి రూలు అంటే రెండ్రోజులు మాట్లాడలేదు.

విషయానికొస్తా. పోయిన శనివారం ష్రాప్‌షైర్‌లో ఒక పాత తుపాకుల కొట్టులో డబుల్ బ్యారెల్ 12 బోర్ ఒకటి చూశాను. బయట రెండు సుత్తులు (హేమర్లు, ట్రిగ్గర్ నొక్కితే పడి తూటాని పేల్చేవి), గొట్టాలు 30 అంగుళాలు, వాటి మీద పాముపొర లాంటి చారలు. ట్రిగ్గర్ గార్డుని అంటిపెట్టుకుని కింద ఒక పొడుగు మీట ఉంది, దాన్ని పక్కకి తిప్పితే గొట్టాలు కిందికి వాలుతున్నాయి. రిబ్బు (రెండు గొట్టాల మధ్య పట్టీ) మీద ఎవరో బర్మింగ్‌హామ్ తయారీదారు పేరు, పెద్ద పేరేం కాదు, నెట్‌లో రెండు ముక్కలు కూడా దొరకలేదు. పక్కన పలకల మీద సన్నని తీగల చెక్కడం, మధ్యమధ్య గులాబీ గుత్తులు. ధర 1,450 పౌండ్లు. "పూర్తిగా రీస్టోర్ చేసినది" అని చీటీ కట్టారు.

గొట్టాల అడుగున చదునుగా ఉన్న చోట కొన్ని అచ్చులు ఉన్నాయి, ఫోన్‌లో ఫోటో తీసుకున్నా. రెండు గొట్టాల మీదా 13 అని ఉంది. ఎడమ గొట్టం మీద మాత్రం "నాట్ ఫర్ బాల్" అని ఉంది. వాటి పక్కనే కొత్తగా కనపడే ఇంకొక వరస: కిరీటం కింద బీఎన్‌పీ, .729, 2½ అంగుళాలు, 3 టన్నులు. కొట్టాయన తన పరికరంతో కొలిచి బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, .735 అన్నాడు, గొట్టం గోడ అన్నిటికంటే పలచగా ఉన్న చోట 23 థౌ అన్నాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ తల ఊపాను.

చేతిలోకి తీసుకున్నప్పుడు మాత్రం ఏదో అయింది. నా కొత్త ఓవర్-అండర్ (గొట్టాలు ఒకదాని మీద ఒకటి ఉండేది) కంటే బాగా తేలిగ్గా అనిపించింది, భుజానికి దానంతట అదే వచ్చి కూర్చుంది. కానీ భయమేంటంటే, మరీ అందంగా ఉంది. 140 ఏళ్ళ వస్తువు అంత కొత్తగా ఉంటే అది బాగుచేసినట్టా, పాడుచేసినట్టా? అలమరలో పెట్టి చూసుకోడానికి కాదు, ఏడాదికి పదిసార్లయినా పేల్చాలని ఉంది. ఏం చూడాలి, ఏం అడగాలి?

---

కోవెంట్రీ_పాతఫిట్టర్:

తమ్ముడూ సతీష్, నీ ప్రశ్న చూసి కాఫీ చల్లారబెట్టుకున్నాను. నేను తుపాకులు చేసినవాణ్ణి కాను. బాలానగర్‌లో టూల్‌రూమ్ ఫిట్టర్‌గా మొదలెట్టి, ఇక్కడికొచ్చి ముప్పయ్యేళ్ళు అదే పని చేసి రిటైరయ్యాను. కానీ ఇక్కడ పబ్బులో పరిచయమైన ఒక ముసలాయన బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చేసే పేట, గన్ క్వార్టర్లో యాక్షనర్‌గా చేసినవాడు, గొట్టాలకీ వెనక ఉండే ఇనప దిమ్మకీ పొత్తు కుదిర్చే పని. ఆయన వెంట తిరిగి నేర్చుకున్నదే నీకు చెప్తున్నా.

ముందు ఆ అచ్చులు చదువుదాం, అవే దాని జాతకం. బర్మింగ్‌హామ్‌లో ప్రూఫ్ హౌస్ అని ఉంది, 1813లో పార్లమెంటు చట్టంతో పెట్టింది, బాన్‌బరీ స్ట్రీట్‌లో ఇప్పటికీ నడుస్తోంది. అక్కడికొచ్చే ప్రతి తుపాకినీ మామూలు కంటే ఎక్కువ మందు దట్టించి పేల్చి, తట్టుకుంటేనే అచ్చు వేస్తారు. "నాట్ ఫర్ బాల్" అంటే ఆ గొట్టం మూతి దగ్గర కాస్త సన్నబడింది, అంటే చోక్ ఉంది, అందులోంచి సీసపు గుండు పేల్చొద్దు అని. ఆ మాట 1875 నుంచి 1887 దాకానే కొట్టారు. తయారీదారు గురించి నెట్‌లో ఏమీ దొరక్కపోయినా ఫర్వాలేదు, నీ తుపాకి ఏ పన్నెండేళ్ళలో పుట్టిందో ఆ మూడు మాటలే చెప్పేశాయి.

ఇప్పుడు ఆ 13 సంగతి. 12 బోర్ తుపాకి మీద 13 ఏంటని కంగారు పడకు, అప్పట్లో తరచూ అలాగే చేసేవాళ్ళు. పౌండు సీసాన్ని 12 సమాన గుండ్లు చేస్తే ఒక్కో గుండు పట్టే గొట్టం 12 బోర్, లెక్కకి .729 అంగుళం. 13 అయితే .710. నీ గొట్టాల్లోకి 13 కొలకడ్డీ దూరింది, 12ది దూరలేదు, అందుకే ఆ అంకె. రెండో వరస అచ్చులు 1954 ప్రూఫ్ రూల్స్ తర్వాతవి, ఒత్తిడిని టన్నుల్లో కొట్టడం ఆ రూల్స్‌లోదే. అప్పటికి .729 అని కొట్టారంటే ఈ మధ్యలో ఎవరో లోపల తుప్పు గుంటలు పోగొట్టడానికి గొట్టాన్ని తొలిచి నునుపు చేశారు. ఇప్పుడు .735. అంటే మళ్ళీ ఇంకోసారి తోమి ఉండొచ్చు. అచ్చులో ఉన్న కొలత మీద 10 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) దాటితే ప్రూఫ్ పోయినట్టే, అలాంటి తుపాకి అమ్మడం ఇక్కడ నేరం. నీకింకా 4 థౌ మిగిలింది. ఒక తల వెంట్రుక మందం అనుకో. ఆ తుపాకి ఇంకొక్కసారి తుప్పు పట్టిందంటే తొలవడానికి అందులో ఇనుము లేదు. గోడ 23 థౌ ఉంది కాబట్టి ఫర్వాలేదు, చాలామంది 20 కంటే తక్కువుంటే ముట్టుకోరు. అయితే అమ్మేవాడు చెప్పిన కొలత కాకుండా, నీ తరఫు గన్‌స్మిత్ ఎవరైనా నీ ముందు కొలవాలి.

ఆ బీఎన్‌పీ నీకు మంచి వార్త. నైట్రో ప్రూఫ్, అంటే పొగరాని ఆధునిక మందుకి పరీక్ష చేసి పాసయింది. పుట్టినప్పుడు అది నల్ల తుపాకి మందుకి చేసిన వస్తువు (నల్లమందు అని రాయబోయి ఆగాను, అది వేరే సరుకు). కానీ తూటా గది 2½ అంగుళాలే. ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా దొరికేవి 2¾. అవి దూరతాయి, అదే చిక్కు. దూరింది కదా అని పేల్చొద్దు, పేలాక విచ్చుకునే తూటా మూతికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. 65 మిల్లీమీటర్లు అని రాసున్న తేలికపాటివే కొనుక్కో.

ఇక చెయ్యి సంగతి. నువ్వడిగింది అదే కదా.

ఒకటి, గొట్టాలు విడదీసి, కింద ఉండే కొక్కేన్ని వేలికి తగిలించి వేలాడదీయి. ఇంకో చేతి గోటితో తట్టు. గుడి గంటలా సాగాలి మోత. గరగరమంటే, లేదా టప్‌మని ఆగిపోతే, రెండు గొట్టాల మధ్య రిబ్బు టంకం ఎక్కడో ఊడింది. లోపలికి నీళ్ళు పోతాయి, బయట నువ్వెంత నూనె రాసినా లోపల తుప్పు తింటూనే ఉంటుంది.

తర్వాత పక్క పలకల అంచులు. వేలు పెట్టి చూడు, గీసుకుంటుందేమో అన్నంత పదునుగా ఉండాలి. మరల (స్క్రూల) చుట్టూ చూడు. పాతది గీతలు పోవాలని బఫ్ వీల్‌కి పెట్టారనుకో, మర ఉన్న చోట చిన్న పళ్ళెంలా గుంట పడుతుంది, అంచులు సబ్బుబిళ్ళలా గుండ్రబడతాయి, చెక్కడం లోతు తగ్గి అచ్చు వెలిసిన రూపాయి నాణెంలా ఉంటుంది. ఒకసారి పోయిన ఇనుము మళ్ళీ రాదు. మరల తలల్లో గాడి కూడా చూడు, ఇక్కడి పాత తుపాకుల్లో ఆ గాడి బ్లేడు మందం కూడా ఉండదు, అన్నీ తుపాకి పొడుగు వెంటే ఒకే వరసలో నిలబడి ఉండాలి. ఒక్కటి అడ్డం తిరిగి ఉన్నా ఎవడో సరైన టర్న్‌స్క్రూ (తుపాకుల స్క్రూడ్రైవర్) లేకుండా చెయ్యి పెట్టాడని అర్థం.

మూడోది నాకు ప్రాణం. గొట్టాలు మూసినప్పుడు వెనక దిమ్మకీ వాటికీ మధ్య వెలుతురు కనపడకూడదు. ఇది ఎలా కుదిర్చేవాళ్ళో చెప్తా. పక్కన ఒక చిన్న కిరసనాయిల్ దీపం పొగ కక్కుతూ ఉంటుంది. గొట్టాల కొక్కేన్ని ఆ పొగకి పట్టి మసి పట్టిస్తారు, మూస్తారు, తెరుస్తారు. ఎక్కడ తగిలిందో అక్కడ మసి అవతలి దాని మీద అంటుకుంటుంది. ఆకురాయితో ఆ మచ్చనొక్కదాన్నే ఒక్కసారి రాస్తారు. మళ్ళీ మసి, మళ్ళీ మూత, మళ్ళీ ఒక రాపు. పళ్ళ డాక్టర్ ఫిల్లింగ్ చేశాక నీలం కాగితం కొరకమని, ఎత్తుగా తగిలిన చోటు చూసుకుని అరగదీస్తాడు చూడు, అచ్చం అదే. ఆయన నా చేత ఒకసారి చేయించాడు. నలభయ్యేళ్ళు ఆకురాయి పట్టినవాణ్ణి, గంటన్నరకి చెమటలు పట్టి పక్కన పెట్టేశాను. మసి అంతటా సమానంగా పరుచుకోవాలి, అప్పటిదాకా ఆగకూడదు, ఒక్క రాపు ఎక్కువైతే మొత్తం వదులు. నీ తుపాకికి ఇది 1880ల్లో ఒకసారి చేశారు, బాగుచేసినవాడు మళ్ళీ చేశాడో లేదో చూడాలి. గొట్టాల కింద ఉండే ముందు కర్ర తీసేసి, మూసి, గొట్టాలు పట్టుకుని పక్కలకి ఊపు. టిక్కుటిక్కుమనకూడదు.

నువ్వు చెప్పిన కింది మీట జోన్స్ అండర్‌లీవర్, బర్మింగ్‌హామ్ వాడిదే, 1859 నాటి పేటెంటు. స్ప్రింగుతో టక్కుమని మూసుకోదు, నువ్వే చేత్తో తిప్పి మూయాలి. మర తిరిగినట్టు తిరిగి కిందికి లాగి బిగిస్తుంది కాబట్టి అరిగినా ఇంకాస్త తిరిగి పట్టుకుంటుంది. ఆలస్యమే గానీ మొండిది.

---

హైదరాబాదీ_నాని:

బాబాయ్, అంతా బానే ఉంది గానీ పిట్టల్ని కొట్టే సామానుకి ఇంత పూజ దేనికి? పైగా సుత్తుల్లేని తుపాకులు వచ్చాక కూడా సుత్తులవి ఎందుకు కొన్నారు జనం, షో కోసమేనా?

---

కోవెంట్రీ_పాతఫిట్టర్:

నానీ, పిట్టల సంగతి నువ్వన్నదాంట్లో తప్పేం లేదు. నేను మెచ్చుకునేది ఆకురాయి పట్టిన చేతిని, అది తుపాకి మీద పడిందా తాళం మీద పడిందా అన్నది నాకు రెండోది.

రెండో ప్రశ్నకి: సుత్తుల్లేనివి 1871కే వచ్చాయి, 1875లో వెస్ట్‌లీ రిచర్డ్స్ కంపెనీలో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు చేసిన పద్ధతితో ఆట మారిపోయింది, నేటికీ ఎన్నో డబుల్ బ్యారెళ్ళలో లోపల అదే. అయినా ఐదో జార్జి రాజు చివరిదాకా సుత్తుల తుపాకులే వాడాడు. ఆ కాలంలో ఇంగ్లండులో గురికి పేరుమోసిన లార్డ్ రిపన్ కూడా అంతే, పర్డీ అనే లండన్ కంపెనీ సుత్తుల తుపాకులు మూడు, వెనక తూటాలు నింపి అందించేవాళ్ళు ఇద్దరు. ఆయన 1923లో వేట మధ్యలోనే పడి చనిపోయాడు. షో అనుకుంటే అనుకో. ఒక సుఖం మాత్రం ఉంది, తుపాకి సిద్ధంగా ఉందో లేదో పది గజాల నుంచి కంటితో చూసి చెప్పేయొచ్చు. సుత్తి లేచి ఉందా, దిగి ఉందా, అంతే.

సతీష్, ఇంకొకటి మర్చిపోయాను. సుత్తిని బొటనవేలితో దింపాక అది దానంతటదే ఓ పిసరు వెనక్కి జరిగి ఆగాలి. దీన్ని రీబౌండింగ్ లాక్ అంటారు, వుల్వర్‌హాంప్టన్‌లో స్టాంటన్ అనేవాడి 1867 పేటెంటు. అంతకుముందు వాటిలో సుత్తి ముందుకే నొక్కుకుని ఉండేది, తెరిచే ముందు ప్రతిసారీ సగానికి లాగాలి. నీదాంట్లో వెనక్కి జరక్కపోతే లోపల స్ప్రింగు బలహీనపడిందనే. అడుగు.

---

వరంగల్_మెటలర్జీ:

ఆ "పాముపొర చారల" గురించి ఎవరూ మాట్లాడలేదేంటి! అది డమాస్కస్ గొట్టం. ఇక్కడ మన తెలుగువాళ్ళు తరచూ ఒక పొరపాటు చేస్తారు, నేనూ బీటెక్ దాకా చేశాను. డమాస్కస్ అనగానే మన కోనసముద్రం ఉక్కు, డమాస్కస్ కత్తులు అని గర్వంగా చెప్పేసుకుంటాం. కత్తుల వరకు సంబంధం నిజమే. నిజామాబాద్ వైపు ఊళ్ళలో మూసలో కరిగించి చేసిన ఉక్కు ముద్దలు వర్తకుల చేత పర్షియా దాకా పోయాయి. కానీ ఆ ఉక్కులో చార పుట్టేది లోపల కార్బైడు రేణువులు వరసలు కట్టడం వల్ల, అంటే లోహం చల్లారేటప్పుడూ సాగగొట్టేటప్పుడూ తనలోంచే వచ్చే చార. సతీష్ గారి గొట్టంలోది చేత్తో అల్లిన చార. రెంటికీ పేరొక్కటే.

ఎలా అల్లుతారంటే, ఇనుమూ ఉక్కూ పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కొలిమిలో కాల్చి, కొట్టి ఒకే కడ్డీ చేస్తారు. ఆ సన్నని కడ్డీని ఎర్రగా కాల్చి తాడు పేనినట్టు మెలితిప్పుతారు. అలాంటివి రెండో మూడో పక్కపక్కన పెట్టి, ఒకటి కుడికి మెలితిరిగితే పక్కది ఎడమకి, కలిపి రిబ్బను చేస్తారు. ఆ రిబ్బనుని ఒక కడ్డీ చుట్టూ స్ప్రింగులా చుట్టుకుంటూ, అంచుకి అంచు కాల్చి సుత్తితో అతుకుతారు. మా అమ్మమ్మ జడకుప్పెలు పెట్టి మూడు పాయల జడ వేసేది, నాకు ఎప్పుడూ అదే గుర్తొస్తుంది. మూడు కడ్డీలైతే చార సన్నగా, రెండైతే కాస్త ముతకగా వస్తుంది, ఫోటో పెడితే చెప్పగలను. బెల్జియంలో లియేజ్ దగ్గర ఊళ్ళకి ఊళ్ళు ఇదే పని మీద బతికాయి, ఇంగ్లీషు పేరున్న తుపాకుల్లో కూడా చాలావాటికి గొట్టం అక్కణ్ణించి వచ్చిందే.

అతుకులు అడుగడుగునా ఉన్న గొట్టం కాబట్టే జనానికి భయం. అతుకు మధ్యలో ఎక్కడో కాస్త కిట్టం చిక్కుకుని ఉండొచ్చు, లోపలి నుంచి తుప్పు ఆ గీత వెంట పోవచ్చు. నైట్రో ప్రూఫ్ పాసయింది అంటే ఆ రోజుకి పాసయిందని. తర్వాత ఎవరు ఎంత తొలిచారన్నది ఫిట్టర్ గారు చెప్పిన కొలతల మీదే ఆధారం.

ఆ చారని పైకి తెప్పించేది తుప్పే, తెలుసా? ముందు గొట్టాన్ని సున్నంతో తోమి జిడ్డు లేకుండా చేస్తారు, ఆ తర్వాత వేలిముద్ర కూడా పడకూడదు. రెండు కొసలా చెక్క బిరడాలు కొట్టి, వాటినే పట్టుకుని, తుప్పు పట్టించే ద్రావకాన్ని స్పాంజితో తడీ తడవనట్టు ఒక్క పూత రాస్తారు. తేమగా ఉండే పెట్టెలో రాత్రంతా ఉంచితే పొద్దున్నకి ఎర్రటి పొడి తుప్పు. ఉడుకు నీళ్ళలో ముంచి, సన్నని తీగ బ్రష్షుతో ఆ పొడిని దులుపుతారు. మళ్ళీ పూత. ఇలా వారం పది రోజులు. ఇనుమూ ఉక్కూ ఒకేలా తుప్పు పట్టవు కాబట్టి ఒకటి నల్లబడి ఇంకోటి తెల్లగా మిగిలి చార తేలుతుంది. తొందరపడి ఆమ్లంలో ముంచి ఒక్కరోజులో తేల్చేవాళ్ళూ ఉన్నారు. దాన్ని గోటితో తడిమితే చార మెట్లు మెట్లుగా తగులుతుంది. సరిగా చేసినది కంటికి కనిపించాలి, గోటికి అందకూడదు. సతీష్ గారూ, ఇది తప్పకుండా చూడండి.

---

కర్రపని_కామాక్షి:

నాకు తుపాకి ఎటు పట్టుకోవాలో తెలీదు, పాత ఫర్నిచర్ బాగుచేస్తాను, బ్రిస్టల్‌లో. అందరూ ఇనుము గురించే మాట్లాడుతుంటే కర్ర తరఫున వచ్చాను.

ఆ కర్ర అక్రోటుదే అయ్యుంటుంది. పాలిష్ వార్నిష్‌లా గాజు మెరుపు మెరుస్తుంటే కొత్త పూత. పాతవాళ్ళు వాడింది అవిసె నూనె, కాచినది, చేతి వేడితో రుద్దీ రుద్దీ రోజుకింత ఇంకించేవాళ్ళు. ఎర్రదనానికి అందులో ఒక వేరు నానబెడతారు, ఇక్కడ ఆల్కనెట్ అంటారు. ఆ జాతి వేరునే మనవాళ్ళు రతన్‌జోత్ పేరుతో రోగన్‌జోష్‌లో రంగుకి వేసేది! మొదటిసారి తెలిసినప్పుడు వర్క్‌షాపులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

కర్రకీ ఇనుముకీ మధ్య గీత చూడండి సతీష్ గారూ. ఇనుము కంటే కర్ర ఓ పిసరు ఎత్తుగా ఉండాలి. మొదట చేసినవాళ్ళు కావాలనే అలా వదులుతారు, ముందు ముందు తోముడికి పోతుందని. కర్ర ఇనుము కంటే పల్లంగా ఉంటే ఎవరో ఇసుక కాగితం బాగా పట్టించారు. సొట్టలు పడితే ఇసుక కాగితం కాదు మార్గం, తడిగుడ్డ వేసి పైన వేడి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే నలిగిన నార ఆవిరికి ఉబ్బి మళ్ళీ పైకి లేస్తుంది. చేత్తో పట్టే చోట గళ్ళ చెక్కడం ఉంటుంది కదా, దాన్ని మళ్ళీ తీర్చారా లేదా చూడండి. మళ్ళీ తీర్చినా పాత గీతలనే లోతు చేయాలి, కొత్త గీతలు వేయకూడదు. చివర్లలో, అంచు గీత దగ్గర, ఉలి జారి బయటికొచ్చిన సన్న గీతలు ఉంటే అది తొందరపడ్డ చెయ్యి.

ఇంకో మాట. కర్ర లోపల, తాళం పలక (సుత్తిని నడిపే యంత్రం బిగించిన పక్క పలక) కూర్చునే గూడు తీసి చూపించమనండి. పని తెలిసినవాళ్ళు కనపడని చోట కూడా ఉలి గుర్తు శుభ్రంగా వదులుతారు. అక్కడ చెత్తగా ఉండి పైన తళతళలాడితే నేనైతే వెనక్కి తిరిగి చూడను.

---

రాజమండ్రి_వాసు:

నా బాధ కూడా చెప్పుకోనివ్వండి. మా ముత్తాత కాలం నాటి జోడుగొట్టాల తుపాకి మా ఇంట్లో ఉండేది, లైసెన్సుతోనే, తాతగారి తర్వాత నాన్న పేరు మీదికి మారింది. అదీ సుత్తులదే, తాతగారు సుత్తిని "గుర్రం" అనేవారు, "గుర్రం ఎక్కించకురా" అని అరిచేవారు మేం దగ్గరికెళ్తే. రిబ్బు మీద పి. ఓర్ అండ్ సన్స్, మద్రాస్ అని ఉండేది. చిన్నప్పుడు వాళ్ళే చేశారనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, అది అమ్మినవాళ్ళ పేరు, గడియారాలతో పాటు తుపాకులూ అమ్మేవారని. అడుగున మాత్రం బర్మింగ్‌హామ్ అచ్చులు.

గోదావరి గాలికి తుప్పు పట్టిందని ఒకసారి నాన్న బాగుచేయించడానికి ఒకరికి ఇచ్చారు. ఊరు, పేరు అనవసరం. వారం తర్వాత తెచ్చి ఇచ్చాడు, అద్దంలా మెరుస్తోంది. నాన్న సంతోషంతో ఐదొందలు ఎక్కువిచ్చారు. నేను రిబ్బు చూస్తే పేరులో సగం అక్షరాలు లేవు. పలక మీద రెండు నీటికోళ్ళ బొమ్మ ఉండేది, చిన్నప్పుడు దాని మీద వేలు తిప్పుకుంటూ కూర్చునేవాణ్ణి. ఒక కోడికి తల పోయింది, ఇంకోదానికి కాళ్ళు మిగిలాయి. గొట్టాల మీద చారలు ఉండేవన్న సంగతే ఎవరికీ గుర్తులేనంత తెల్లగా తోమేశాడు. నాన్నకి చెప్పలేదు, ఇప్పటికీ.

ఫిట్టర్ గారూ, అది మళ్ళీ తెప్పించొచ్చా? ఇంకో సందేహం, ఇంగ్లండు నుంచి ఎవరైనా ఇలాంటిది ఇక్కడికి తెచ్చుకోవచ్చా?

---

కోవెంట్రీ_పాతఫిట్టర్:

వాసు గారూ, చదివి మనసు కలుక్కుమంది. చారలు తిరిగొస్తాయి. అవి పైన రాసిన రంగు కాదు, గొట్టం మందం అంతా ఉన్నవే, మెటలర్జీ ఆయన చెప్పిన పద్ధతిలో మళ్ళీ తేల్చొచ్చు. నీటికోళ్ళు రావు. కొత్తగా చెక్కించుకోవచ్చు, అవి వేరే కోళ్ళు. ఎంత ఇనుము పోయిందో తెలియకుండా దాన్ని మాత్రం పేల్చకండి.

తేవడం సంగతి: విమానంలో సామాన్లతో తెచ్చేద్దాం అనే ఆలోచనే వద్దు. మన ఆర్మ్స్ యాక్ట్ 1959 నాటిది, 2019లో సవరించి ఒక మనిషికి మూడు తుపాకుల బదులు రెండే అన్నారు. పాతకాలపు వస్తువుకి మినహాయింపు ఉందని విని ఉంటారు, అది బాగుచేసినా పేలనివాటికి. 12 బోర్‌కి తూటాలు ఇంకా అమ్ముతూనే ఉన్నారు. ఇక్కడ కూడా అంతే, సతీష్ కొనే దానికి వయసు 140 ఏళ్ళయినా సర్టిఫికెట్ కావాల్సిందే.

---

సోలిహల్_సతీష్:

అందరికీ పెద్ద థాంక్స్. నిన్న మళ్ళీ వెళ్ళొచ్చా, మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని, జేబులో చిన్న టార్చి, నాణేలు చూసే భూతద్దం పెట్టుకుని. కొట్టాయన నన్ను చూసి ముందు పరీక్ష రాయడానికొచ్చిన కుర్రాణ్ణి చూసినట్టు నవ్వాడు.

గొట్టాలు వేలాడదీసి తట్టాను. మోగింది. నిజంగా మోగింది, కొట్టులో ఇంకో ఇద్దరు తలెత్తి చూశారు. చార గోటికి తగల్లేదు. ముందు కర్ర తీసి ఊపితే చప్పుడు లేదు. సుత్తి దించితే వెనక్కి జరిగి ఆగింది, కుడిది ఠక్కున, ఎడమది కాస్త బద్ధకంగా. ఎడమ స్ప్రింగు పాతదేనట, కుడిది కొత్తగా చేసి వేశారట, ఆయనే ఒప్పుకున్నాడు.

మరల తలల గాడులన్నీ ఒక్క వరసలో ఉన్నాయి, ఒకటి తప్ప. ఎడమ పలక వెనక మర ఓ పది డిగ్రీలు పక్కకి తిరిగి ఉంది. అది చూపించగానే ఆయన ముఖం మారింది, నవ్వు పోయి మర్యాద వచ్చింది. లోపలికెళ్ళి టర్న్‌స్క్రూ తెచ్చి పలక ఊడదీసి చూపించాడు. కామాక్షి గారూ, మీరు చెప్పిన గూడు చూశాను. నల్లగా ఉంది, దీపం మసి ఇంకా కర్ర రంధ్రాల్లోనే ఉంది. అంచులు కత్తితో కోసినట్టు ఉన్నాయి. ఒక మూల పెన్సిల్‌తో మూడు అంకెలు రాసి ఉన్నాయి. అవి ఎవరు రాశారు అంటే తెలీదన్నాడు. బాగుచేసినవాడు తుడవలేదు, అది నాకు భలే నచ్చింది.

పలక లోపలి వైపు ఇంకా అందంగా ఉంది. బయట కనపడని ఆ చిన్న ముక్కలన్నీ, స్ప్రింగు, దాన్ని పట్టుకున్న కొక్కెం, అద్దంలా మెరుగు పెట్టి ఉన్నాయి. అక్కడికి ఎవరు చూడబోతారని పెట్టారో!

నచ్చనిది కూడా ఉంది. ఇనప దిమ్మ మీద నీలం, గోధుమ రంగు మబ్బుల్లాంటి రంగులు మరీ గట్టిగా ఉన్నాయి. ఎముకల బొగ్గులో పెట్టి మళ్ళీ కేస్ హార్డెనింగ్ (పై పొర గట్టిపడేలా కాల్చడం) చేయించారట. పాతది వెలిసిపోయి వెండి రంగులోనే ఉంటే బాగుండేదనిపించింది, పాత ముఖానికి కొత్త పౌడరులా ఉంది. కుడి గొట్టం మూతి దగ్గర లోపల సొట్ట తీసిన ఛాయ కూడా భూతద్దంలో కనిపించింది.

మా షూటింగ్ గ్రౌండ్ దగ్గర ఉండే గన్‌స్మిత్ బుధవారం వెళ్ళి కొలుస్తానన్నాడు, 60 పౌండ్లు తీసుకుంటాడు. కొలతలు చెప్పినట్టే ఉంటే 1,300కి అడుగుతా. ఇంట్లో మాత్రం ఇంకా చెప్పలేదు.

---

వరంగల్_మెటలర్జీ:

మంచి పని. గొట్టం ఫోటో పెట్టండి, రెండు కడ్డీలా మూడా తేల్చేద్దాం. వెలుతురు పక్క నుంచి పడేలా తీయండి, ఫ్లాష్ వద్దు.

---

కోవెంట్రీ_పాతఫిట్టర్:

ఆ పది డిగ్రీల మర బిగించేటప్పుడు గట్టిగా తిప్పనివ్వకు, గాడి చితుకుతుంది. బుధవారం గన్‌స్మిత్‌తో నేనూ వస్తా, పెట్రోల్ నాది. ఆ పెన్సిల్ అంకెలు నా కళ్ళతో చూడాలి.